మాట నిలబెట్టుకోమని అడుగుదాం

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవం సందర్భంగా యువతీ యువకుల సమావేశంలో మన సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)





ఈ రోజు మనం పాటలు పాడుకున్నాం, డప్పు కొట్టుకున్నాం, గుస్సాడీ ఆడుకున్నాం, రేలా ఆడుకున్నాం. అవన్నీ మన ప్రాణం. అయితే ఆటపాటల మధ్య మీరు మమ్మల్ని పక్కకు పిలిచి అడిగే ప్రశ్నలు రెండున్నాయి. సర్కారును నమ్మాలా, వద్దా అన్నది మొదటిది. ప్రతి ఎన్నికకూ మన గూడెం రెండు ముక్కలు ఎందుకవుతోంది అన్నది రెండోది. విడివిడిగా కనిపించినా, ఈ రెండూ ఒకదానికొకటి ముడిపడిన ప్రశ్నలే. ఆ ముడి గురించే ఇవాళ నాలుగు మాటలు చెప్పుకుందాం.

ముందు నమ్మకం సంగతి. మన అపనమ్మకం ఊరికే పుట్టింది కాదు. దానికి వయసుంది, తేదీలున్నాయి. 1879లో రంప కొండల్లో ఫితూరీ లేచింది. చెట్టు గీసుకుని తాగే కల్లు మీద కూడా పన్నేమిటని మన వాళ్లు తిరగబడ్డారు. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. తాతల నాటి నుంచి తిరిగిన అడవిలో కట్టె కొట్టడం, పోడు చేయడం ఒక్కసారిగా నేరమయ్యాయి. 1922లో అల్లూరి సీతారామరాజు వెంట గాం గంటందొర, గాం మల్లుదొర నడిచింది ఆ అటవీ ఆంక్షల మీద, రోడ్డు పనుల్లో చేయించుకున్న వెట్టి మీద. అటు నిజాం రాజ్యంలో 1940లో జోడేఘాట్ కొండల్లో కొమురం భీం నేలకొరిగాడు. ఆయన అడిగింది తన జనం దున్నుకునే నేల మీద హక్కు, అంతే.

అవి పరాయి పాలన రోజులు, స్వరాజ్యం వచ్చాక అంతా మారింది అంటారు కొందరు. మరి ఇంద్రవెల్లి? 1981 ఏప్రిల్ 20న, సంత రోజున, భూమి పట్టాల కోసం సభ పెట్టుకుందామని వచ్చిన గోండుల మీద కాల్పులు జరిగాయి. చనిపోయింది 13 మంది అని ప్రభుత్వం చెప్పింది. అంతకు ఎన్నో రెట్లని పౌరహక్కుల సంఘాలు చెప్పాయి. ఆ తర్వాత ఏళ్ల తరబడి, ఏటా ఆ తేదీన చనిపోయినవారి స్తూపం దగ్గరికి పోయి దండం పెట్టుకోవడానికి కూడా ఆంక్షలే. తన వాళ్ల సమాధి దగ్గర ఏడ్చుకోవడానికి అనుమతి అడగాల్సి వస్తే ఆ మనిషికి సర్కారు మీద నమ్మకం ఎలా కలుగుతుంది?

విశాఖ ఏజెన్సీలోని వాకపల్లిని కూడా మరువలేం. 2007 ఆగస్టులో కూంబింగ్‌కు వచ్చిన పోలీసులు తమ మీద అత్యాచారం చేశారని 11 మంది కోందు మహిళలు ఫిర్యాదు చేశారు. కేసు విచారణ దాకా రావడానికే పదేళ్లకు పైగా పట్టింది. 2023 ఏప్రిల్‌లో ప్రత్యేక కోర్టు నిందితులను నిర్దోషులుగా విడిచిపెట్టింది. దర్యాప్తు సరిగా జరగలేదని ఆ కోర్టే చెప్పింది, ఆ మహిళలకు పరిహారం ఇవ్వాలని కూడా ఆదేశించింది. ఆ అక్కలు పదహారేళ్లు ఒక్క మాట మీద నిలబడ్డారు. దర్యాప్తు చేయాల్సినవాళ్లు నిలబడలేదు.

కాబట్టి మీలో ఎవరైనా సర్కారును నమ్మలేకపోతున్నామంటే, తప్పని మేం అనం. అనుభవం నేర్పిన జాగ్రత్త అది.

అయితే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఇదే చరిత్రకు ఇంకో వైపు ఉంది. దాన్ని కూడా చూడాలి. జోడేఘాట్‌లో కాల్పులు జరిగాక నిజాం ప్రభుత్వం ఏం చేసింది? ఈ గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకుని చెప్పమని హైమండార్ఫ్ అనే పరిశోధకుడిని పంపింది. కాల్చిన తర్వాత కారణం అడిగింది. ఆయన మార్లవాయిలో ఉండి, మన వాళ్ల మధ్య తిరిగి, భూమి పోవడమే అసలు బాధ అని రాశాడు. దాని తర్వాతే మార్లవాయిలో బడి వచ్చింది, గోండి భాషలో వాచకాలు వచ్చాయి, చాలా కుటుంబాలకు పట్టాలు వచ్చాయి.

మన చట్టాలన్నీ ఇలాగే వచ్చాయి. కొండ ప్రాంతాల్లో ఆదివాసీల భూమి ఇతరుల చేతికి పోకుండా మద్రాసు ప్రభుత్వం 1917లో ఒక చట్టం చేసింది. దాని వెనుక రంప నుంచి మొదలైన తిరుగుబాట్లున్నాయి. 1959లో భూబదలాయింపు నిబంధన వచ్చింది. శ్రీకాకుళం కొండల్లో గిరిజనం లేచి నిలబడిన రోజుల్లో, 1970లో దానికి సవరణ జరిగింది. అదే మనం వన్ ఆఫ్ సెవెంటీ అని పిలుచుకునేది. దానిలో ఎంత బలముందో చూడండి. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరుడి చేతిలో భూమి ఉంటే, అది ఆదివాసీ నుంచి వచ్చిందనే ముందుగా భావించాలి. కాదని రుజువు చేసుకోవాల్సింది అతనే. గిరిజనేతరుడు ఇంకో గిరిజనేతరుడికి అమ్మడం కూడా చెల్లదు. దీన్ని కొట్టేయించాలని సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 1988లో కోర్టు చట్టం సరైనదేనని చెప్పింది.

1997 జులై 11న సమత తీర్పు వచ్చింది. అనంతగిరి మండలం బొర్రా ప్రాంతంలో గనుల లీజుల మీద నడిచిన కేసు అది. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమిని గిరిజనేతరులకు ఇవ్వకూడదన్న నిబంధన ప్రభుత్వానికి కూడా వర్తిస్తుందని, సర్కారు భూమైనా సరే ప్రైవేటు కంపెనీలకు గనుల కోసం లీజుకివ్వడం కుదరదని సుప్రీంకోర్టు చెప్పింది. అంతకు ముందు ఏడాదే, 1996లో పెసా చట్టం వచ్చింది. 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. మన పూర్వీకులకు చారిత్రకంగా అన్యాయం జరిగిందని ఆ చట్టం పీఠికలో పార్లమెంటే రాసుకుంది.

వీటిలో ఏదీ సర్కారును గుడ్డిగా నమ్మినందువల్ల రాలేదు. సర్కారుతో మనకు పని లేదని ఇంట్లో కూర్చున్నందువల్ల అసలే రాలేదు. నమ్మకుండానే ఎదురెళ్లి అడిగారు, అడిగినదాన్ని కాగితం మీద పెట్టించారు, కాగితం మీద ఉన్నది అమలు కాకపోతే మళ్లీ అడిగారు. మన పెద్దల దారి ఇదే. 1946 డిసెంబరులో రాజ్యాంగ సభలో జైపాల్ సింగ్ ముండా కూడా ఇదే దారి పట్టారు. మా జాతి చరిత్ర అంతా దోపిడీ, దానిపై తిరుగుబాటు అని నిండు సభలో చెప్పారు. అయినా మీరిస్తున్న మాటను తీసుకుంటున్నామని అన్నారు. ఆ మాటే ఐదో షెడ్యూలు. ఇచ్చిన మాట కాబట్టి దాన్ని అడిగి తీసుకునే హక్కు మనకుంది.

ఇప్పుడు మన రోజుల్లోకి వద్దాం. అపనమ్మకం రెండు రకాలుగా పని చేస్తుంది. ఒకటి అడిగే అపనమ్మకం. ఏదీ, జీవో చూపించండి, తీర్మానం చదవండి, సర్వే మా కళ్ల ముందు చేయండి అంటుంది. రెండోది అలిగే అపనమ్మకం. ఎవడొచ్చినా ఒకటే, మనకు ఒరిగేదేమీ లేదు, గ్రామసభకు పోయి ఏం లాభం అంటుంది. మొదటిదంటే ఆఫీసుల్లో భయం ఉంటుంది. రెండోదంటే అందరికీ ఇష్టమే. మనం పోని గ్రామసభలో మన పేరు మీద తీర్మానం రాసుకోవచ్చు. మనం పెట్టని దరఖాస్తును తిరస్కరించే శ్రమ కూడా ఉండదు. మనకూ సర్కారుకూ మధ్య ఖాళీ ఏర్పడిందా, అందులోకి పైరవీకారు వచ్చి కూర్చుంటాడు. పట్టా ఇప్పిస్తానంటాడు, లోను ఇప్పిస్తానంటాడు, మన హక్కును మనకే అమ్ముతాడు.

ఇక రెండో ప్రశ్న, మన చీలికల సంగతి.

పార్టీలు ఉండటం తప్పు కాదు. ఇష్టమైన జెండా పట్టుకోవడం మనకు రాజ్యాంగం ఇచ్చిన హక్కే. చిక్కంతా జెండా గూడెంలోకి వచ్చి, పెళ్లి పిలుపుల్లోకి, పండుగ చందాల్లోకి, బోరింగు దగ్గరి వరుసలోకి వచ్చినప్పుడు మొదలవుతోంది. ఆ పార్టీ వాళ్లు పిలిచిన గ్రామసభకు ఈ పార్టీ వాళ్లు రారు. ఈ పార్టీ వాళ్ల పోడు దరఖాస్తు మీద ఆ పార్టీ వాళ్లు సంతకం పెట్టరు. చివరికి కోరం నిండదు, తీర్మానం కాదు, ఇద్దరి భూమికీ పట్టా రాదు. ఎన్నికలో ఒకరు గెలుస్తారు, గూడెం మాత్రం ఓడిపోతుంది.

సరిహద్దులు కూడా మనల్ని చీల్చాయి. కోయలు తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, ఛత్తీస్‌గఢ్, ఒడిశాల్లో ఉన్నారు. గోండులు ఆదిలాబాద్ నుంచి చంద్రపూర్, గడ్చిరోలి దాకా, ఇంకా పైన మధ్యప్రదేశ్ దాకా ఉన్నారు. ఏ గీతా మనల్ని అడిగి గీసింది కాదు. 2014లో పోలవరం కోసం ఖమ్మం జిల్లా నుంచి ఏడు మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. ఆ ఏప్రిల్‌లో ఒక రాష్ట్రం శాసనసభకు ఓటు వేసిన కోయ గూడేలు, వానాకాలం వచ్చేసరికి ఇంకో రాష్ట్రంలో ఉన్నాయి. వాళ్లు ఓటేసి గెలిపించిన ఎమ్మెల్యే ఒక శాసనసభలో, వాళ్ల ఊళ్లు మరో రాష్ట్రంలో. ముంపు, పునరావాసం, పరిహారం గురించి అడగాల్సిన సమయంలో వాళ్ల తరఫున అడిగే గొంతు ఏ సభలో ఉంది?

తెగల మధ్య చీలికల గురించి కూడా దాచకుండా మాట్లాడుకోవాలి. 2017 చివర్లో ఉమ్మడి ఆదిలాబాద్‌లో ఆదివాసీలకూ లంబాడీలకూ మధ్య ఏర్పడిన ఉద్రిక్తత మీలో చాలామందికి గుర్తే. రిజర్వేషన్ ఫలాలు ఎవరికి ఎంత అందుతున్నాయన్నది నిజమైన ప్రశ్న, అడగాల్సిన ప్రశ్న. దాని మూలం 1976 నాటి చట్ట సవరణలో ఉంది. ఎస్టీ జాబితాలో ఎవరు ఉండాలో తేల్చేది పార్లమెంటు. ఆ వాదన లెక్కలతో, కాగితాలతో, కోర్టులో, చట్టసభలో చేయాలి. రోడ్డు మీద పక్క తండా పిల్లవాడి తల పగిలితే జాబితాలో ఒక్క అక్షరం కూడా మారదు. మన పిల్లవాడి మీద కేసు మాత్రం ఉంటుంది, ఉద్యోగానికి పోలీసు వెరిఫికేషన్ వచ్చినప్పుడు అది బయటికి వస్తుంది.

మనం ఒకరితో ఒకరం పోట్లాడుకుంటున్న ఆ రోజుల్లోనే అందరికీ కలిపి ఒక దెబ్బ తగిలింది. ఏజెన్సీ బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇవ్వాలన్న 2000 సంవత్సరం నాటి జీవో నంబరు 3ను సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్ 22న కొట్టేసింది. కోయ, గోండు, కోలాం, కొండదొర, లంబాడీ అని ఆ తీర్పు తేడా చూడలేదు. మన భాష తెలిసిన టీచరు మన బడికి వచ్చే దారి అందరికీ ఒక్కసారే మూసుకుపోయింది. నూరు శాతం కుదరదంటే మరెంత కుదురుతుంది, గవర్నరుకున్న ఐదో షెడ్యూలు అధికారంతో ఏం చేయవచ్చు అని రెండు రాష్ట్రాల్లో అందరం కలిసి అడగాల్సిన విషయం అది.

కలిస్తే ఏమవుతుందో కూడా చూశాం. 2015 నవంబరులో విశాఖ ఏజెన్సీలో బాక్సైట్ తవ్వకాల కోసం జీవో 97 వచ్చింది. చింతపల్లి, జెర్రెల కొండల్లో వెయ్యి హెక్టార్లకు పైగా అడవి మీద ఆ జీవో. దాని మీద పార్టీ తేడా లేకుండా జనం లేచారు. అధికార పార్టీలో ఉన్న గిరిజన నాయకులు కూడా ఊళ్లో తలెత్తుకోలేక జనం వైపు రావాల్సి వచ్చింది. తవ్వకం మొదలు కాలేదు. 2019లో తర్వాతి ప్రభుత్వం ఆ జీవోను రద్దు చేసింది. కొండ ఇంకా అక్కడే ఉంది.

పక్కనే ఒడిశాలో నియమగిరి కథ ఇంకా గొప్పది. అక్కడి డోంగ్రియా కోందులు మన వాళ్లే. వాళ్ల దేవుడి కొండను తవ్వాలా వద్దా అన్నది గ్రామసభలే తేల్చాలని 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. అధికారులు 12 ఊళ్లను ఎంచారు. ఆ వానాకాలంలో జిల్లా జడ్జి సమక్షంలో ఒక్కో ఊళ్లో గ్రామసభ జరిగింది. 12 ఊళ్లూ వద్దనే చెప్పాయి. ఒక్క ఊరు చీలినా కంపెనీకి దారి దొరికేది. చీలలేదు.

మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలో మేండా లేఖా అని ఒక చిన్న గోండు ఊరుంది. ఢిల్లీలో, ముంబైలో మన సర్కారుంది, మన ఊళ్లో మాత్రం మనమే సర్కారు అన్నది వాళ్ల నినాదం. ఆ ఊళ్లో మెజారిటీ ఓటుతో నిర్ణయాలు జరగవు. అందరూ ఒప్పుకునే దాకా మాట్లాడుకుంటారు. ఒక్కరు కాదన్నా ఆగి, మళ్లీ కూర్చుంటారు. అలా కూర్చునే అలవాటు ఉన్నందువల్లనే అటవీ హక్కుల చట్టం కింద 1,800 హెక్టార్ల అడవి మీద సామూహిక హక్కు 2009లోనే సంపాదించారు. 2011 నుంచి తమ వెదురును తామే అమ్ముకుంటున్నారు. ఇది మనకు తెలియని పద్ధతి కాదు. మన పటేళ్లు, పెద్దలు చెట్టు కింద కూర్చుని పంచాయితీ తీర్చింది కూడా ఇలాగే కదా. ఓటేసి గెలవడం మనం తర్వాత నేర్చుకున్నాం. మాట కలుపుకుని నడవడం మనకు పుట్టుకతో ఉంది.

ఇంతకూ మేం చెప్పదలచుకున్నది ఇది. మీ ఓటు మీ ఇష్టం, మీ జెండా మీ ఇష్టం. గ్రామసభలోకి వచ్చేటప్పుడు మాత్రం జెండా గుమ్మం బయట పెట్టి రండి. సర్కారును నమ్మమని మేం చెప్పం. సర్కారు రాసిన కాగితాన్ని చదవమని, దాన్ని పట్టుకుని నిలదీయమని చెబుతాం.

దీనికి చదువుకున్న మీరే కావాలి. మీ చేతుల్లో ఉన్న పనులు కొన్ని చెబుతాం.

మొదటిది, మీ ఊరి గ్రామసభ తీర్మానాల పుస్తకం చూడండి. చదువు రాని పెద్దలకు మన భాషలో చదివి వినిపించండి. జరగని సభ జరిగినట్టు రాసి ఉంటే అడగండి. అటవీ హక్కుల గ్రామసభకు సభ్యుల్లో సగం మంది, అందులో మూడో వంతు మహిళలు ఉండాలి. మన అమ్మలు, అక్కలు వంట పని అయ్యాక వచ్చే వేళకు సభ పెట్టండి.

రెండోది, పోడు దరఖాస్తులు. 2023 జూన్‌లో తెలంగాణలో నాలుగు లక్షల ఎకరాలకు పైగా పోడు భూమికి పట్టాలు ఇస్తున్నట్టు ప్రకటించారు. వచ్చినవారికి సంతోషం. రానివారు నిరాశ పడి ఊరుకోవద్దు. దరఖాస్తు తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా ఇవ్వాలి. 60 రోజుల్లో పై కమిటీకి అప్పీలు చేసుకోవచ్చు. ఊరి పెద్దల వాంగ్మూలం కూడా సాక్ష్యమే. ఉపగ్రహ చిత్రం ఒక్కటి చూపించి కాదనడం కుదరదు. హక్కుల పరిశీలన పూర్తయ్యే దాకా ఎవరినీ భూమి నుంచి వెళ్లగొట్టకూడదని చట్టంలోనే ఉంది. కందకం తవ్వడానికి జేసీబీ వచ్చిన రోజున ఈ మాట చెప్పగలిగే పిల్లవాడో పిల్లో ప్రతి గూడెంలో ఒకరైనా ఉండాలి.

మూడోది, సామూహిక హక్కులు. మనం ఎవరికి వారు ఎకరాల గురించే చూసుకుంటున్నాం. ఇప్పపువ్వు, వెదురు, తేనె, పశువుల మేత, దేవుడి గట్టు, ఇవి ఊరందరివీ. వీటి మీద హక్కు ఊరు మొత్తం కలిసి అడగాలి. ఊరిని కలిపే దరఖాస్తు అది.

నాలుగోది, సమాచార హక్కు. ఏ ఆఫీసులోనైనా దరఖాస్తు ఇస్తే 30 రోజుల్లో జవాబు రావాలి. కోపంతో అరిచిన మాట గాలిలో పోతుంది. రాసి ఇచ్చిన ప్రశ్న ఫైలులో ఉంటుంది. ఇచ్చిన ప్రతి కాగితానికీ రశీదు తీసుకోండి, ఫోటో తీసి పెట్టుకోండి.

ఐదోది, వాట్సాప్. మన తెగ గురించో పక్క తెగ గురించో రెచ్చగొట్టే మాట వస్తే, పంపే ముందు ఇది ఎవరికి లాభం అని ఒక్కసారి అడుగుకోండి. మనం పక్కవాడితో తలపడుతున్న రాత్రే మన భూమి మీద వేరేవాడి పేరు ఎక్కుతుంది.

ఒక్క మాట చెప్పి ముగిస్తాం. డోలీలో గర్భిణిని మోసుకుంటూ కొండ దిగే నలుగురినీ మీలో చాలామంది చూసి ఉంటారు, కొందరు భుజం కూడా పట్టి ఉంటారు. ఆ నలుగురూ ఏ పార్టీ వాళ్లని ఎవరూ అడగరు. అడుగు కలవకపోతే లోపలి మనిషి పడిపోతుందని అందరికీ తెలుసు. ఆ కొండకు రోడ్డు రావాలన్నా, ఆ భూమికి పట్టా రావాలన్నా, ఆ బడికి మన భాష మాట్లాడే టీచరు రావాలన్నా కావలసింది అదే కలిసిన అడుగు.

వచ్చే గ్రామసభ తేదీ ఇంటికి వెళ్లగానే కనుక్కోండి. తేదీ లేదంటే ఎందుకు లేదో రాసి అడగండి.

జల్, జంగల్, జమీన్ మనవి. జోహార్.